అభ్యాసపు ఆట, అసలు ఆట

ఈ సంవత్సరపు సంచికకు ఏదైన వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, మా కంప్యూటరు గదిలో శనివారములందు జరుగుచున్న పనిని గూర్చి వ్రాసెదనంటిని. వారు కొంత సంకోచించిరి. కారణము నేనెరుగుదును. ఆ గదిలో తొమ్మిదవ తరగతి విద్యార్థులు పదకొండుగురు, వారమునకు రెండు పీరియడ్లు, ఒక పాత వీడియో గేమును విప్పి చూచి, దానికి అభ్యాస ప్రతి యొకటి తయారుచేయుచున్నారు. బడిలో ఆటలేమిటని తల్లిదండ్రులు కొందరడిగిరి. మా ఉపాధ్యాయులలోను ఇద్దరు ముగ్గురడిగిరి. సాంఘికశాస్త్రము చెప్పు మిత్రుడొకరు, "ఇంతవరకు చదువునకే ట్యూషనుండెడిది, మీరు ఆటకు కూడ పెట్టితిరి" అని నవ్విరి. ఈ పని కొనసాగవలెనా, మానవలెనా యని పాఠశాల సంఘమువారు జూన్ నెలలో తేల్చనున్నారు. కాబట్టి ఈ వ్యాసము ఒక పక్షమువారి వాదమని చదువరులు ముందే గ్రహింతురు గాక. అయితే ఈ వాదములో నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. దానిని దాచి వాదించుటకు నాకు మనసొప్పలేదు.

నా చిన్నతనమున, అనగా 1990 తరువాతి సంవత్సరములలో, మా వీధి మొగదల టి.వి. గేమును గంటకింతయని అద్దెకిచ్చు దుకాణమొకటి యుండెను. మా అన్న ఆడెడివాడు. గడియారము చూచుట నా వంతు. జపాను దేశపు నింటెండో కంపెనీవారు 1983లో తెచ్చిన యంత్రమునకు అవి చవుక నకళ్లని ఆ దినములలో మాకు తెలియదు. అందులో దూర్చు పెట్టెను మేము కేసెట్టనెడివారము. మారియో, కాంట్రా వంటి ఆటలు; మూడు ప్రాణములు, అరగంట, పిమ్మట మరల మొదటినుండి. ఓడినప్పుడెల్ల మా అన్న మొదటి మెట్టునుండియే యెక్కవలసివచ్చెను. అందుచేత అతనికి మొదటి మెట్టును కన్నులు మూసికొని ఆడునంతటి నేర్పును, ఐదవ మెట్టులో ఏమియు తోచని బెదురును ఒక్కమారే అలవడినవి. ఇది ఆటకు మాత్రమే చెందిన సంగతి కాదని, ఇరువది యేండ్లు నల్లబల్లయెదుట నిలిచిన పిమ్మట నాకు తెలిసినది. రెండవ యెక్కము రాని పిల్లవాడు మా బడిలో లేడు. పదునేడవ యెక్కమడిగిన తలలు వంగిపోవును. నేర్చుకొన్న ప్రతిసారియు మొదటినుండి మొదలుపెట్టుదురు. చివరకు వచ్చునప్పటికి గంట కొట్టుదురు.

మా విద్యార్థులు తీసికొన్న ఆట పేరు ఫైనల్ ఫాంటసీ. స్క్వేర్ అను జపాను కంపెనీవారు దీనిని 1987 డిసెంబరు 18వ తేదీన విడుదల చేసిరి. ఇంగ్లీషు ప్రతి 1990లో అమెరికాలో వెలువడెను. దీనికి దర్శకుడు హిరోనోబు సాకాగుచి గారు. ప్రోగ్రాము వ్రాసినవారు ఇరాను దేశమున పుట్టిన నాసిర్ గెబెల్లీ గారు. ఇట్టివానిని పాత్రధారణపు ఆటలందురు. ఆడువారు ఆరు వృత్తులలోనుండి నలుగురు వీరులనేర్పరచుకొని, ఊరూరు తిరుగుచు, దారిలో ఎదురైన భూతములతో పోరాడి, పోరాటమున కొంత, కొనుగోలున కొంత బలము సంపాదింతురు. మంత్రములు ఎనిమిది శ్రేణులు. ఒక్కొక్క శ్రేణిని ఇన్నిమారులు ప్రయోగింపవచ్చునను లెక్క కలదు. ఎంత గొప్ప మాంత్రికునికైనను ఆ లెక్క తొమ్మిదికి మించదు, విశ్రాంతి తీసికొనువరకు తిరిగి నిండదు. అన్నిటికంటె కఠినమైన నియమము మరియొకటి యున్నది. ఆటను అంతవరకు నిలువచేసికొనుట సత్రములోగాని, ఆరుబయట గుడారము వేసికొనిగాని జరుగవలెనే తప్ప, గుహలలో ఎంతమాత్రము వీలులేదు.

ఈ ఆటలో చిత్తడి గుహ యనునది కలదు. ఎల్ఫుల పట్టణమునుండి బయలుదేరి అచ్చటికి నడచిపోవలెను. లోపల విషజంతువులు కరచిన, అడుగడుగునకు ప్రాణబలము తరుగును. అట్టడుగున ఒక పెట్టెలో కిరీటమున్నది. దానికి కావలి మాంత్రికులు. వారి దెబ్బలు మిక్కిలి బలమైనవి. వారిని గెలిచినంతమాత్రమున పని ముగియలేదు. వచ్చిన దారినే తిరిగి నడచి బయటపడవలెను. ఏలయన, గుహనుండి ఒక్కసారిగా వెలుపలికి చేర్చు మంత్రము ఆటలో అప్పటికింకను దొరకదు. తిరుగుదారిలో చచ్చిన కిరీటమును పోయినట్లే. మా పిల్లలకు మొదటిసారి ఆ గుహద్వారము చేరుటకే నాలుగు శనివారములు పట్టినవి. లోపల పది నిమిషములలో నలుగురు వీరులును పడిపోయిరి.

అభ్యాస ప్రతి యనగా ఇట్టి చోటికి నేరుగా చేర్చు ప్రతి. ఆటనంతయు మొదటినుండి ఆడనక్కరలేక, కావలసిన ఘట్టమునకు తగిన బలముతో, తగిన సామగ్రితో నిలువబెట్టి, ఓడిన వెంటనే మరల అచ్చటనే ప్రారంభింపనిచ్చునట్లు ఆటలో చేయు మార్పు అది. మార్పుచేసిన ఆటను ఆటగాండ్రు మాడ్ అందురు. ఒక ఆటను ఎంత త్వరగా ముగింపగలమని గడియారము పెట్టి ఆడువారు లోకమున వేలకొలది యున్నారు. జెల్డా, సూపర్ మెట్రాయిడ్ మొదలైన పాత ఆటలకు ఇట్టి అభ్యాస ప్రతులను వారే తయారుచేసికొనిరి. అమెరికాలో 2010 జనవరిలో మొదలైన గేమ్స్ డన్ క్విక్ అను కూడికలలో వీరు రాత్రింబగళ్లు వంతులవారీగా ఆడి, చూచువారివలన విరాళములు పోగుచేసి, సరిహద్దులులేని వైద్యులను పేరుగల సంస్థ మొదలగువానికి పంపుచున్నారు. ఆటయన్న వ్యర్థమనువారికి ఈ సంగతి చెప్పినాను. నా వాదము మాత్రము దానిమీద ఆధారపడినది కాదు.

ఆట మాకెట్లు వచ్చినదో చెప్పవలెను, ఏలయన దొంగ ప్రతులు ఎక్కడబడిన నక్కడ దొరకు కాలమిది. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా పూర్వవిద్యార్థి యొకరు పాత వస్తువుల దుకాణమున అసలు కార్ట్రిడ్జిని కొని, దానిని కంప్యూటరునకు చదివించు చిన్న పరికరముతో సహా పంపిరి. న్యాయముగా సంపాదించిన ప్రోగ్రాము ప్రతినుండి సొంత, వ్యాపారేతర ఉపయోగమునకు ప్రతి తీసికొనుటకును, దాని పనితీరును పరిశీలించుటకును 1957 నాటి మన కాపీరైటు చట్టపు 52వ విభాగము అవకాశమిచ్చుచున్నది. ఆ ప్రతి మా గదిలోని యంత్రములను దాటిపోలేదు. పిల్లలు ఇండ్లకు తీసికొనిపోవునది ప్యాచ్ మాత్రమే. అనగా, ఫలాని స్థానమున ఫలాని అంకెలు మార్చుడని చెప్పు చిన్న జాబితా. అందులో ఆట యుండదు. మన మార్పు మాత్రమే యుండును. మా వారు వాడిన రకపు ప్యాచ్ ఫైలును తెరచి చూచిన, మొదటి అయిదు బైటులు 'ప్యాచ్' అను ఇంగ్లీషు మాటలోని అయిదు అక్షరములే! ఎవరో యొక ప్రోగ్రాము వ్రాయువాడు పుస్తకముమీద తన పేరు వ్రాసికొన్నట్లు వ్రాసికొన్నాడని పిల్లలు సంతోషించిరి.

కార్ట్రిడ్జిలోని గుండీవంటి బ్యాటరీ ముప్పదియేండ్లలో చచ్చియుండెను. నిలువచేసిన ఆట నిలుచుట లేదు. మా భౌతికశాస్త్రపు మాస్టరుగారు టంకము పెట్టి క్రొత్తది వేసిరి. ఆటలను నిరసించువారిలో వారును ఒకరు. అయినను టంకపు కడ్డీ చేతబట్టినప్పుడు వారి ముఖము నేను చూచితిని.

ఇక పని. ఆ ఆటయంతయు 256 కిలోబైటులు. ఇప్పుడు టెలిఫోనులో తీయు ఒక్క ఫోటో దీనికి ఎన్నో రెట్లుండును. యంత్రపు సొంత జ్ఞాపకము రెండు కిలోబైటులు మాత్రమే. మొదట పిల్లలు నిలువచేసిన ఆటనే మార్చజూచిరి. ప్రారంభమున వీరులకు 400 నాణెములుండును. 400 అనగా ఒకటి 256, మీద 144. 144 అనగా తొమ్మిది పదునారులు. పదునారు ఆధారముగా వ్రాసిన 90, 01. ఈ యంత్రము చిన్న భాగమును ముందు వ్రాయును గనుక, ఆ రెండంకెలు వరుసగా ఎక్కడ నున్నవని వెదకిరి. దొరకినవి. మార్చిరి. ఆట ఆ నిలువను ఒప్పుకొనక త్రోసివేసినది! రెండు శనివారములు తలలు బద్దలుకొట్టుకొన్న పిమ్మట తెలిసినదేమనగా, నిలువచేసిన 1024 బైటులనన్నిటిని కూడి, 256 దాటినదానిని విడిచి, మిగిలినది సరిగానున్నదా యని ఆట చూచుకొనును. ఆ కూడిక సరిపడుటకే అందులో ఒక బైటు ప్రత్యేకముగా ఉంచిరి. తొమ్మిదింట తీసివేయుట యని మా నాయనగారు నేర్పిన పాత పద్ధతికి ఇది చుట్టమే. శేషములను గూర్చి నేను నాలుగేండ్లుగా చెప్పుచున్నాను. ఒక్క విద్యార్థియు 'అది యెందుకు టీచర్' అని అడుగలేదు. ఆ దినమున ఏడుగురడిగిరి.

తరువాతి మెట్టు ప్రోగ్రామునే మార్చుట. పాత యంత్రమువలె నటించు ఎమ్యులేటరను ప్రోగ్రాములో ఆటను నడుపుచు, ఏ క్షణమున ఏ ఆజ్ఞ నెరవేరుచున్నదో నిలిపి చూడవచ్చును. ఒకచోట మూడు బైటులు మార్చిన చాలును. ఒకటి 'అచ్చటికి పోయి పని చూచుకొని తిరిగి రమ్ము' అను ఆజ్ఞ, తక్కిన రెండు ఆ చోటి విలాసము. ఖాళీగానున్న స్థలమున మన ఆజ్ఞలు వ్రాసి, ఆటను అటు మళ్లించి, మరల దాని దారిని దానికి వదలవలెను. మరచి వదలనిచో తెర నల్లబడును. ఎన్నిమారులు నల్లబడెనో నేను లెక్కింపలేదు.

ఇప్పుడు నా తప్పు. ఈ ఆటలో కొన్ని లోపములు పుట్టుకతోనే యున్నవి. వానిని లోకమంతయు నెరుగును. వీరులకు 'బుద్ధి' యను గుణమొకటి అంకెలలో చూపబడును. అది పెరిగినకొలది మంత్రబలము పెరుగవలెనని ఉద్దేశము. కాని ప్రోగ్రాములోని పొరపాటుచేత ఆ అంకెను ఎవరును చదువరు. బుద్ధి ఎంతయున్నను ఫలితమొక్కటే! (దీనిని విని మా సాంఘికశాస్త్రపు మిత్రుడు, ఆట లోకానుభవమునకు దగ్గరగానే యున్నదనిరి.) అట్లే, మర్మస్థానమున తగులు దెబ్బల లెక్కకు ఆయుధపు గుణమునకు బదులు ఆయుధపు వరుస సంఖ్యనే తీసికొందురు. కొన్ని మంత్రములు చదివినను పనిచేయవు. ఇవన్నియు విన్నప్పుడు, ముప్పదియేండ్లనాటి తప్పు కనబడగా ఎర్రసిరా చేతికి వచ్చు అలవాటు నాది గనుక, "అభ్యాస ప్రతిలో ఇవి సరిదిద్దుడు, చదువుకొను ప్రతిలో తప్పులేల?" అంటిని. పిల్లలు సరిదిద్దిరి. మంచి పని చేయించితినని నేను సంతోషించితిని.

పాఠశాల వార్షికోత్సవమునాడు ప్రదర్శన పెట్టితిమి. తల్లిదండ్రులయెదుట, అసలు కార్ట్రిడ్జిని అసలు యంత్రమున పెట్టి, చిత్తడి గుహలోనుండి కిరీటము తెచ్చుట కార్యక్రమము. ఆడుటకు నిలిచిన బాలిక అందరికంటె నేర్పరి; అభ్యాస ప్రతిలో ఇరువదిసార్లకు పైగా కిరీటము తెచ్చినది. ఆమె తండ్రి ఆదిబట్ల దగ్గర ఆటో నడుపును. ఆ దినమున బాడుగ మానుకొని ముందు వరుసలో కూర్చుండెను. గుహ మొదటి అంతస్తులోనే ఆమె చేతులు తడబడినవి. ఎదురు కావనుకొన్నచోట భూతములెదురైనవి; రావలసినచోట రాలేదు. ఎట్లో అడుగునకు చేరినది. మాంత్రికులమీద రెండు మెరుపు మంత్రములు ప్రయోగించినది. అభ్యాసములో ఆ రెండింటితో వారు సగము మంది కూలెడివారు. ఇచ్చట ఒక్కడును కూలలేదు. మూడవ వంతునకు వీరులు నలుగురును పడిపోయిరి. తెర నల్లబడినది. సభలో ఎవరో చప్పట్లు కొట్టిరి, ముగిసినదేమో యనుకొని.

ఆమె నాతో అన్నమాట నేను మరువలేను: "టీచర్, నేను నేర్చుకున్నది ఈ ఆట కాదు."

నిజమే. బుద్ధి పనిచేయు ఆటను ఆమెకు నేర్పి, బుద్ధి పనిచేయని ఆటయెదుట నిలిపితిని. తప్పులు లేని ప్రతి ఇచ్చితినని నేను మురిసితినేగాని, ఆమె పోరాడవలసినది తప్పులున్న దానితోనే యని తలపోయనైతిని. మరియొక లోపము తరువాత బయటపడినది; అది నా సరిదిద్దుటవలన కలిగినది కాదు. ఈ ఆటలో భూతములు ఎప్పుడెదురగుననునది అదృష్టమని తోచును గాని, నిజమునకు లోపల 256 సంఖ్యలుగల పట్టిక యొకటి స్థిరముగా వ్రాయబడియున్నది. అడుగువేసినప్పుడెల్ల ఆట అందులో ఒక గడి ముందుకు జరిగి చూచును. మా అభ్యాస ప్రతి ప్రతిసారియు ఒకే గడినుండి బయలుదేరుచుండెను. అందుచేత ప్రతిసారియు అదే అడుగున అదే ఎదురు. ఆ బాలిక గుహను నేర్చుకొనలేదు. తెలియకయే ఆ పట్టికను కంఠస్థము చేసినది.

ఆ రాత్రి నాకు మా శిక్షణ కళాశాల జ్ఞప్తికి వచ్చినది. బి.ఎడ్. చదువునప్పుడు సూక్ష్మబోధన యను అభ్యాసముండెడిది. అది 1960 తరువాత అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయమున పుట్టి మన దేశమునకు వచ్చిన పద్ధతి. ఒక్క నేర్పునే, ప్రశ్నించుటయో ఉదాహరణమిచ్చుటయో, పట్టుకొని ఆరు నిమిషములు బోధింపవలెను. ఆరు నిమిషములు లోపములు వినవలెను. పండ్రెండు నిమిషములలో తిరిగి సిద్ధపడవలెను. మరల ఆరు బోధించి, ఆరు వినవలెను. మొత్తము ముప్పదియారు నిమిషములు. ఘట్టమును విడదీసి, ఓడినచోటనే వెంటనే మరల ప్రారంభించు ఈ యేర్పాటు అభ్యాస ప్రతికాక మరేమి? పద్ధతి మంచిది. కాని మా యెదుట కూర్చుండు విద్యార్థులెవరు? మావంటి బి.ఎడ్. వారే పదిమంది. చేయి యెత్తుమన్న ఎత్తుదురు. అడిగినదానికి సరియైన జవాబే చెప్పుదురు. నాకు ప్రశ్నించు నేర్పులో మంచి మార్కులు వచ్చినవి. పిమ్మట నిజమైన ఎనిమిదవ తరగతికి పంపిరి. ఋణసంఖ్యల గుణకారము చెప్పుచుండగా వెనుక బల్లనుండి ఒక బాలుడు, "అప్పును అప్పుతో గుణిస్తే లాభమెట్లయితది టీచర్?" అనెను. నేను ముప్పదియారు నిమిషములలో ఎన్నడును వినని ప్రశ్న. ఆ పీరియడులో మిగిలిన ఇరువది నిమిషములు ఎట్లు గడచినవో ఇప్పటికిని తలచుకొనుట కష్టము.

అభ్యాస ప్రతిని గూర్చి నా అభిప్రాయమంతయు ఇందులోనే యున్నది. దారిని తగ్గింపవచ్చును, చోటును మార్చకూడదు. ఇబ్రహీం కుతుబ్ షా పేరుగల మన పెద్దచెరువు ఎదుట చెప్పుటకు ఈ ఉపమానము తగియున్నది. మన పెద్దలు ఈత నేర్పునప్పుడు నడుమునకు ఎండిన సొరబుర్ర కట్టి బావిలో దింపెడివారు. బుర్ర మునుగనీయదు, కాని నీరు ఆ నీరే, లోతు ఆ లోతే, చలి ఆ చలియే. మోకాలిలోతు గుంటలో చేతులాడించి వచ్చినవానికి ఈత వచ్చినదని ఎవరును అనరు. నేను మా పిల్లలకు బుర్ర కట్టుటకు బదులు బావిని పూడ్చితిని.

వార్షికోత్సవము తరువాత పిల్లలు రెండవ ప్రతి మొదలుపెట్టిరి. అందులో నా దిద్దుబాట్లన్నియు తీసివేసిరి. అడుగుల పట్టికలో ఏ గడినుండి బయలుదేరవలెనో ప్రతిసారియు మారునట్లు చేసిరి. అంతకంటె సూక్ష్మమైన సంగతి మరియొకటి ఆ బాలికయే కనిపెట్టినది. మొదటి ప్రతిలో వీరులు మాంత్రికులయెదుట నిండు ప్రాణములతో, నిండు మంత్రములతో దిగుచుండిరి. నిజముగా గుహ నడచి వచ్చినవానికి అట్లుండునా? దారిలో కొన్ని మంత్రములు ఖర్చగును, ఔషధములు తరుగును, ఒకరికి విషమెక్కియుండును. కాబట్టి వారు పదిసార్లు నిజముగా నడచిపోయి, ప్రతిసారియు మాంత్రికులను చేరునప్పటికి ఏమి మిగిలినదో నోటుపుస్తకములో వ్రాసి, ఆ పదింటిలో ఏదో యొక స్థితిలో ఆటగాని నిలుపునట్లు ఏర్పరచిరి. ఆ నోటుపుస్తకము నా బల్లమీద నున్నది. సంఘమువారు కోరిన చూపుదును. మా బడిలో ఈ యేట జరిగిన కొలతలలో ఇంత శ్రద్ధగా జరిగినది వేరొకటి నేనెరుగను.

ఇక పరీక్షల సంగతి. పదవ తరగతివారికి అసలు పరీక్షకు ముందు ప్రీ-ఫైనల్ పెట్టుచున్నాము. అది అభ్యాస ప్రతియే. దానికి వారము ముందు, ముఖ్యమైన ప్రశ్నలివియని గుర్తుపెట్టించుట మాలో కొందరి అలవాటు, నేనును చేసితిని. మార్కులు బాగుగా వచ్చును. తల్లిదండ్రులు సంతసింతురు. ఒకే గడినుండి బయలుదేరు పట్టిక! గణితములో ప్రీ-ఫైనలున ఎనుబది తెచ్చుకొన్న పిల్లవాడు మార్చి నెలలో ప్రశ్నాపత్రము చూచి తెల్లబోయి కూర్చుండిన, వాడు చదువలేదందుము. వాడు చదివినాడు, మేము చదివించినది ఆ పరీక్ష కాదు. ఈ యేడు నా తరగతికి నేను ప్రశ్నలు గుర్తుపెట్టింపలేదు. సగటు మార్కులు తగ్గినవి. నన్ను పిలిచి కారణమడిగిరి. చెప్పితిని.

ఆక్షేపణలలో న్యాయమైనది ఒక్కటి కలదు, దానిని త్రోసివేయజాలను. ఇట్టి ఆటలో నడకయే ఆట. పడవ సంపాదించుట, తెలియని ఊరిలో ఎవరితోనో మాట్లాడుట, ఈ కథయంతయు విడిచి ఒక్క గుహనే నూరుసార్లు ఆడినవాడు ఆటను ఎరిగినవాడా? మా పదకొండుగురిలో నలుగురు ఆటను మొదటినుండి చివరివరకు ఎన్నడును ఆడలేదు. గుహ ఎందుకు పోవలెనో కూడ వారికి తెలియదు. అభ్యాసముతోనే పెరిగి, కథ యెరుగని పిల్లలు మన రాష్ట్రమున ఎంతమంది వసతిగృహములలో నున్నారో ఆలోచించిన భయము కలుగును. అందుచేత క్రొత్త నియమమొకటి పెట్టితిని. అసలు ఆటలో ఆ చోటికి ఒక్కసారియైన తన కాళ్లతో నడచిపోయినవారికే అభ్యాస ప్రతి. పిల్లలు గొణిగిరి.

కంప్యూటరు గదిలో ఇంతకంటె లాభకరమైన కోడింగు పాఠములు చెప్పింపవచ్చునను వాదము నాకంత బలముగా తోచదు. మన చుట్టును ఇంజనీరింగు కళాశాలలే; ఆదిబట్లలో పెద్ద కంపెనీలు వెలసినవి; తల్లిదండ్రుల కోరిక సహజమే. కాని పాఠ్యపుస్తకములోని ప్రోగ్రాము ప్రతిదియు సరిగా పనిచేయును. ఉద్యోగమున చేరినవాని చేతికి వచ్చునది అట్టిది కాదు. ఎవరో వ్రాసి పోయినది, ఎవరును వివరింపనిది, లోపములున్నది, అయినను నడచుచున్నది. దానిలో ఒకచోట చేయిపెట్టి తక్కినది చెడకుండ తిరిగి రావలెను. ఈ విద్యను మా పిల్లలు పదునాలుగేండ్లకే చవిచూచుచున్నారు.

గత నెలలో ఆ బాలిక మరల అసలు యంత్రముయొద్ద కూర్చున్నది. సభ లేదు, నేనును, మరి ఇద్దరు పిల్లలును. ఈమారు మెరుపు మంత్రములను నమ్ముకొనలేదు. మాంత్రికులు కూలిరి. కిరీటము చేతికి వచ్చినది. తిరుగుదారిలో ఒక వీరుడు పడిపోయెను, మరియొకనికి విషమెక్కెను, విషహరౌషధము అయిపోయినది. ఇంక ఒక్క అంతస్తు మిగిలియుండగా బడి బస్సు హారను మ్రోగినది. గుహలో నిలువచేయుటకు వీలులేదని చెప్పితిని గదా. యంత్రమును ఆపక అట్లే యుంచి, 'ఆపవద్దు' అని కాగితము వ్రాసి అంటించి ఇండ్లకు పోతిమి. సాయంకాలము మా వాచ్‌మాన్ తన విధి ప్రకారము మెయిను స్విచ్చి దించి తాళము వేసెను.

సోమవారమునాడు నేను ఆ గదికి పోవునప్పటికి ఆమె ఎల్ఫుల పట్టణపు సత్రమునుండి బయలుదేరి, చిత్తడివైపు సగము దారి నడచియుండెను. అభ్యాస ప్రతి ప్రక్క యంత్రమునందే యున్నది. ఆమె దానిని తెరువలేదు. నన్ను చూచి, "టీచర్, విషానికి మందులు ఈసారి ఎక్కువ కొన్నా" అన్నది.